రఘునాథపల్లి నుండి జెద్దాకు ఎంత దూరం?

“జెద్దాకు విమానంలో ఎన్ని గంటలు పడుతుంది బేటా?”

ఉమ్రా మాట ఇంట్లో ఖాయమైన రోజున మా అమ్మీ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఉమ్రాకో హజ్‌కో బయలుదేరదలచిన ఏ ఇంటనైనా పెద్దలు మొదట అడిగేది దీనినే. మేమూ తడుముకోకుండా జవాబిచ్చాము, “అయిదున్నర గంటలు” అని. టిక్కెట్టు ఇప్పించిన వ్యక్తి మాకు చెప్పిన మాటే అది. అమ్మీ కాసేపు ఆలోచించి, “అయితే మధ్యలో ఏ నమాజులు వస్తాయి?” అన్నారు. దానికి మా వద్ద సమాధానం లేదు. ఆ సమాధానం వెతుక్కుంటూ పోతే, దూరం గురించీ కాలం గురించీ మాకు తెలుసనుకున్నది ఎంత కొద్దో తెలిసివచ్చింది. మా వంటి కుటుంబాలకు ఉపయోగపడుతుందన్న ఆశతో ఆ వివరాలను ఇక్కడ పంచుకుంటున్నాము.

మాది రఘునాథపల్లి. వరంగల్‌ జిల్లాలో ఉండి, 2016లో జనగామ జిల్లాలోకి వచ్చిన మండల కేంద్రం. సర్దార్‌ సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్‌ మా మండలంలోనిదే. హైదరాబాదు నుండి వరంగల్‌ వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారి మీద, జనగామ దాటిన తరువాత వస్తుంది. సికింద్రాబాద్‌–కాజీపేట రైలు మార్గంలో మా ఊరికి చిన్న స్టేషను కూడా ఉంది. హైదరాబాదుకు ఒకవైపు సుమారు 100 కిలోమీటర్లు, వరంగల్‌కు మరోవైపు సుమారు 50 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలకూ మా అమ్మీ జీవితంలో వేరే అర్థం ఉన్నదని మేము ఈ ప్రయాణంలోనే గమనించాము. ఆసుపత్రి పని మీద వరంగల్‌ వెళ్ళిన ప్రతిసారీ ఆమె జుహ్ర్‌ ఫర్జ్‌ నమాజు నాలుగు రకాతులూ పూర్తిగా చేసేవారు. హైదరాబాదులో మా చెల్లెలి ఇంటికి వెళ్తే మాత్రం రెండు రకాతులే చేసేవారు. ఖస్ర్‌కు వర్తించే ప్రయాణ దూరం 48 మైళ్ళు, అంటే సుమారు 78 కిలోమీటర్లు అని మన ప్రాంతంలోని హనఫీ ఉలమాలు చెబుతారు. వరంగల్‌ ఆ గీతకు ఇవతల, హైదరాబాదు అవతల. చదువుకున్న మేము దూరాన్ని ఛార్జీలతో కొలుస్తుండగా, బడి ముఖం చూడని అమ్మీ దానిని రకాతులతో కొలుస్తూ వచ్చారన్నమాట.

మా దాదా కాలంలో ఈ ప్రయాణం ఎలా సాగిందో ఒక మాట చెప్పుకోవాలి. మా ఊరి మీదుగా వెళ్ళే రైలు మార్గం నిజాం పాలనలో పడినది. వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన పట్టాలు 1886 నాటికి వరంగల్‌ చేరాయి. అప్పటి నుండి మా ప్రాంతపు హాజీలు ఊళ్ళోనే రైలెక్కి, సికింద్రాబాదు, వాడి మీదుగా బొంబాయి చేరడానికి వీలు కలిగింది. మా దాదా 1960 దశకం తొలి సంవత్సరాలలో అలాగే వెళ్ళారు. బొంబాయి ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం పది రోజులు ఎదురుచూశారట. బొంబాయి నుండి జెద్దాకు సముద్ర మార్గం సుమారు 2,300 నాటికల్‌ మైళ్ళు, అంటే 4,250 కిలోమీటర్ల పైచిలుకు. అరేబియా సముద్రం దాటి, ఏడెన్‌ పక్కగా ఎర్ర సముద్రంలోకి ప్రవేశించడానికి వారం దాటేది. 1959లో భారతీయ రిజర్వు బ్యాంకు హజ్‌ యాత్రికుల కోసమే ప్రత్యేకంగా ముద్రించిన పది, వంద రూపాయల నోట్లను చేతబట్టుకున్న తరం వారిది. ఇల్లు విడిచింది మొదలు తిరిగి ఇల్లు చేరేసరికి వారికి మూడు నెలలు దాటింది.

మక్కాలో వారు బస చేసినది పూర్వపు హైదరాబాదు సంస్థానం వారి కోసం ఏర్పాటైన రుబాత్‌లో. సంస్థానం కలిసిపోయి దశాబ్దాలు గడిచినా, తెలంగాణతోపాటు కర్ణాటక, మహారాష్ట్రలలో కలిసిన పాత సంస్థానపు జిల్లాల హాజీలకు ఆ రుబాత్‌లో ఉచిత వసతి లభిస్తూ వచ్చింది. హరమ్‌ విస్తరణలో పాత భవనాలు పోయినా ఆ వక్ఫ్‌ సంకల్పం నిలిచి ఉన్నది. వసతి పరిమితం కనుక లాటరీ తీసి పేర్లు ఎంపిక చేసేవారు.

దాదా బయలుదేరిన రోజున ఊరంతా స్టేషనుకు వచ్చిందని మా దాదీ చెప్పేవారు. గౌడులు, పద్మశాలీలు, మాలమాదిగలు అందరూ వచ్చారట. దాదా ఒక్కొక్కరి చేయి పట్టుకుని, “నా వల్ల మీకేమైనా బాధ కలిగి ఉంటే మన్నించండి” అని అడిగారట. బాకీలన్నీ అంతకుముందే తీర్చివేశారు. తిరిగి వస్తామన్న నమ్మకం లేని ప్రయాణం అది. భారతదేశం నుండి హాజీల ఓడలు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా ఉమ్రాకు వెళ్తే పక్కింటివారికి కూడా తిరిగి వచ్చి జమ్‌జమ్‌ నీళ్ళు పంచినప్పుడే తెలుస్తున్నది. వేగం పెరగడం వలన కలిగిన ఈ నష్టాన్ని ఎవరూ లెక్క వేయరు.

ఇక విమానం సంగతి. హైదరాబాదులోని శంషాబాద్‌ విమానాశ్రయం నుండి జెద్దాకు భూగోళం మీద అతి దగ్గరి దారి కొలిస్తే సుమారు 4,140 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు సాధారణంగా అయిదున్నర నుండి ఆరు గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటల అటూఇటూ పడుతుంది. దూరం ఒకటే అయినా కాలంలో ఈ తేడా ఎందుకంటే, శీతాకాలంలో పై ఎత్తులలో పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వెళ్ళేటప్పుడు అవి ఎదురుగాలులు, వచ్చేటప్పుడు వెనుక నుండి తోసే గాలులు. మేము వెళ్ళినది జనవరి నెలలో. టిక్కెట్టు మనిషి “అయిదున్నర” అన్నది మాకు పావు గంట తక్కువ పలికింది.

దుబాయి వంటి నగరంలో దిగి వేరే విమానం ఎక్కే టిక్కెట్టు చౌకగా వస్తుందని కూడా అతడే చెప్పాడు. హైదరాబాదు నుండి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుండి జెద్దాకు సుమారు 1,700. రెండూ కలిపినా నేరు దారి కన్నా వంద కిలోమీటర్లే ఎక్కువ. కానీ మధ్యలో కూర్చోవలసిన గంటలు, రెండుసార్లు ఎక్కి దిగవలసిన మెట్లు, డెబ్బయ్యో ఏట మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి వేరే దూరమే. కొంత ఎక్కువ ఖర్చయినా నేరు విమానమే తీసుకున్నాము. వయసులో ఉన్నవారికైతే అలా వెళ్ళడంలో తప్పేమీ లేదు.

ఆ మనిషి చెప్పిన మరొక మాట మా యాత్రనే చిక్కులో పెట్టి ఉండేది. “ఇహ్రామ్‌ బట్టలు పెద్ద సూట్‌కేసులో పెట్టేయండి, జెద్దాలో దిగాక తీరిగ్గా కట్టుకోవచ్చు” అన్నాడు. మేము అలాగే సర్దాము కూడా. బయలుదేరే ముందు శుక్రవారం నమాజు తరువాత మా మసీదు ఇమామ్‌ సాహెబును కలిసినప్పుడు ఆ మాట ప్రస్తావనకు వచ్చింది. ఆయన ఒక్కసారిగా తల ఎత్తి, “మీఖాత్‌ ఎక్కడ వస్తుందో కనుక్కున్నారా?” అని అడిగారు.

మక్కాకు ఉమ్రా లేదా హజ్‌ సంకల్పంతో వెళ్ళేవారు ఇహ్రామ్‌ లేకుండా దాటరాని హద్దులను మీఖాత్‌లు అంటారు. మదీనా వైపు నుండి వచ్చేవారికి జుల్‌ హులైఫా, సిరియా వైపు వారికి జుహ్ఫా, నజ్ద్‌ వైపు వారికి ఖర్నుల్‌ మనాజిల్‌, యమన్‌ వైపు వారికి యలమ్‌లమ్‌, ఇరాక్‌ వైపు వారికి జాతు ఇర్ఖ్‌. ఆ దారిన వచ్చే ఇతర దేశస్థులకూ అవే వర్తిస్తాయి. మా దాదా కాలంలో ఓడ యమన్‌ దాటి ఎర్ర సముద్రంలో పైకి సాగుతుండగా యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చేది. హాజీలు ఓడ మీదనే స్నానం చేసి ఇహ్రామ్‌ ధరించేవారు. వారం రోజుల ప్రయాణంలో దానికి కావలసినంత తీరిక.

విమానం దారి వేరు. అరేబియా సముద్రం దాటి, ఒమన్‌ మీదుగా అరేబియా ఎడారిపైకి వచ్చి, తూర్పు దిక్కు నుండి జెద్దాను సమీపిస్తుంది. ఆ దారిలో తాయిఫ్‌ సమీపంలోని ఖర్నుల్‌ మనాజిల్‌ హద్దును ఆకాశంలోనే దాటిపోతుంది. జెద్దాలో దిగడానికి ఇంకా పావుగంటో ఇరవై అయిదు నిమిషాలో ఉండగా ఆ దాటడం జరుగుతుంది. అంటే జెద్దా మనకు మీఖాత్‌కు లోపలి వైపున ఉన్నది. అక్కడ దిగి ఇహ్రామ్‌ కట్టుకుంటే హద్దు దాటిపోయిన తరువాత కట్టుకున్నట్లు. ఆ పరిస్థితిలో మీఖాత్‌కు వెనుదిరిగి వెళ్ళాలని, లేదంటే దమ్‌గా ఒక పశువును బలి ఇవ్వాలని అధిక సంఖ్యాక ధర్మవేత్తలు చెబుతారు. హజ్‌ కమిటీ ద్వారా వెళ్ళేవారికి ఈ చిక్కు అంతగా రాదు. వారు హైదరాబాదు నాంపల్లిలోని హజ్‌ హౌస్‌లో చేరి, నేరుగా మక్కా వెళ్ళేవారైతే అక్కడే ఇహ్రామ్‌ ధరించి బస్సులెక్కుతారు. విడిగా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళే మా వంటివారే అజాగ్రత్తలో పడతారు. మొదట మదీనాకు వెళ్ళే విమానమైతే మాత్రం ఇహ్రామ్‌ అవసరం లేదు. మదీనా నుండి మక్కాకు బయలుదేరినప్పుడు ఊరి వెలుపలనే జుల్‌ హులైఫా వస్తుంది, అక్కడ కట్టుకోవచ్చు.

ఆ రాత్రే సూట్‌కేసు విప్పి రెండు తెల్లని వస్త్రాలను చేతి సంచిలోకి మార్చాము. స్త్రీలకు ప్రత్యేక దుస్తులు లేవు. వారి సాధారణ వస్త్రాలతోనే సంకల్పం చేసుకుని తల్బియా పలకాలి. అయినా అమ్మీ, “మీఖాత్‌ వచ్చేటప్పుడు నేను నిద్రపోతే లేపండి” అని మూడుసార్లు చెప్పారు. మా అబ్బా హజ్‌ కోసమని కూడబెట్టిన డబ్బు ఆయన జబ్బుకే ఖర్చయిపోయింది. ఆయన వెళ్ళలేకపోయిన దారిలో తాను వెళ్తున్నానన్న బరువు అమ్మీ ప్రతి మాటలోనూ మాకు వినిపించేది. ఇమామ్‌ సాహెబు ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే మా పరిస్థితి ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోవడానికి మనసు ఒప్పదు.

ఫజ్ర్‌ నమాజు ముగించి, ఏడు గంటలకు కారులో బయలుదేరాము. ఘట్‌కేసర్‌ వద్ద బాహ్యవలయ రహదారి ఎక్కి శంషాబాద్‌ చేరేసరికి సుమారు 125 కిలోమీటర్లయింది. మధ్యలో ఒకసారి చాయ్‌కి ఆగడంతో కలిపి రెండున్నర గంటలకు పైనే పట్టింది. గాలిలో విమానానికి ఆ దూరం పది నిమిషాల పని. వరంగల్‌ సమీపంలోని మామునూరులో నిజాం కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయం ఉండేది. 1981 వరకు అది పనిచేసింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం ఏళ్ళ తరబడి దాని పునరుద్ధరణకు అడ్డుపడింది. 2025లో కేంద్ర ప్రభుత్వం అనుమతినిచ్చింది. రేపు అది తెరుచుకున్నా మొదట నడిచేవి దేశీయ విమానాలే కావచ్చు. మా ఊరి హాజీలకు శంషాబాద్‌ దారి తప్పేటట్లు లేదు.

విమానాశ్రయంలో జుహ్ర్‌ రెండు రకాతులు చేసుకుని, మేము ఇహ్రామ్‌ ధరించాము. మధ్యాహ్నం రెండు గంటలకు విమానం లేచింది. ఇక్కడి నుండే అమ్మీ ప్రశ్నకు సమాధానం మొదలయింది.

సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి వాలుతాడని బడిలో చదువుకున్నదే. హైదరాబాదుకూ జెద్దాకూ రేఖాంశాలలో తేడా సుమారు 39 డిగ్రీలు. అయిదు ముప్పావు గంటలలో ఆ 39 డిగ్రీలు దాటుతున్నామంటే విమానం కూడా గంటకు దాదాపు 7 డిగ్రీలు పడమటికే పరుగెడుతున్నదన్నమాట. కనుక లోపల కూర్చున్నవారికి సూర్యుడు గంటకు 8 డిగ్రీలే దిగుతున్నట్లు, అంటే సగం వేగంతో నడుస్తున్నట్లు కనిపిస్తాడు. మధ్యాహ్నం సాగిపోతూనే ఉంటుంది.

సాయంత్రం ఆరయింది. అమ్మీ చేతి గడియారం మన సమయమే చూపిస్తున్నది. “రఘునాథపల్లిలో మగ్రిబ్‌ అజాన్‌ అయి ఉంటుంది” అన్నారామె. కిటికీ అవతల ఎండ నిక్కచ్చిగా కాస్తున్నది, కింద ఇసుక సముద్రం. సూర్యుడు మునగడానికి ఇంకా చాలా సమయం ఉన్నది. అక్కడ అప్పుడు అస్ర్‌ వేళ. విమానంలో ఉన్నవారికి నమాజు అయినా ఉపవాసం అయినా తమకు కనబడే సూర్యుడితోనే లెక్క. ఇంటి గడియారం లెక్కకు రాదు. ఆ విమానంలోనే నఫిల్‌ ఉపవాసం ఉన్న ఒక యువకుడు గడియారం చూసి ఖర్జూరం చేతిలోకి తీసుకుని, కిటికీలోకి చూసి మళ్ళీ పొట్లంలో పెట్టేశాడు. పడమటికి ప్రయాణం చేసే ఉపవాసి ఎక్కువ సేపు ఓర్చుకోవలసి ఉంటుంది. బయలుదేరే ముందే ఈ సంగతి తెలుసుకుంటే మంచిది, ప్రయాణికుడికి షరీఅత్‌ ఇచ్చిన వెసులుబాటు ఎలాగూ ఉన్నది.

అమ్మీ విమానం వెనుక భాగంలో సిబ్బంది అనుమతితో కాస్త ఖాళీ చోట నిలబడి అస్ర్‌ నమాజు చేశారు. మా రఘునాథపల్లికి ఖిబ్లా నేరుగా పడమర కాదు, దాదాపు పన్నెండు డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటుంది. హైదరాబాదు నుండి జెద్దాకు దగ్గరి దారి కూడా ఇంచుమించు అదే దిక్కు. కనుక వెళ్ళేటప్పుడు విమానం ముక్కు ఎటు ఉంటే ఇంచుమించు అటే ఖిబ్లా. ఇన్నేళ్ళూ చాప మీద నిలబడి ముఖం తిప్పిన దిక్కుకే ఇప్పుడు మనిషి మొత్తంగా కదిలిపోతున్నాడు. ఈ మాట చెప్పినప్పుడు అమ్మీ ఏమీ అనలేదు, కళ్ళు తుడుచుకున్నారు.

మరొక సందేహం మందుల గురించి. అమ్మీకి షుగర్‌ వ్యాధి ఉన్నది. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. వెళ్ళే రోజు ఇరవై నాలుగు గంటలకు బదులు ఇరవై ఆరున్నర గంటలుంటుంది. ఆ రోజు మాత్ర ఏ గడియారం ప్రకారం వేయాలో డాక్టరు గారిని ముందే అడిగాము. ఆ ఒక్క రోజుకూ ఇంటి గడియారం ప్రకారమే వేయమని ఆమెకు చెప్పారు. అందరికీ ఒకే సలహా వర్తించదు, ముఖ్యంగా ఇన్సులిన్‌ తీసుకునేవారు తమ డాక్టరును అడిగే బయలుదేరాలి. మందులు చేతి సంచిలోనే ఉండాలి. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయకపోతే కాళ్ళు వాస్తాయి. విమానంలో నీళ్ళు తక్కువ, గది ఇరుకు. వుజూతో ఎక్కితే సగం ఇబ్బంది తీరుతుంది.

దిగడానికి సుమారు అరగంట ముందు మీఖాత్‌ సమీపిస్తున్నదని ప్రకటన వచ్చింది. అన్ని విమానాలలోనూ ఇలా చెబుతారని అనుకోవద్దు. అమ్మీ నిద్రపోలేదు. అప్పటికే సంకల్పం చేసుకుని ఉన్నారు. చుట్టూ ఉన్న సీట్లలో నుండి తల్బియా మెల్లగా లేచింది. నిజామాబాద్‌, కరీంనగర్‌ వైపు నుండి కొలువులకు తిరిగి వెళ్తున్న యువకులు కూడా కొందరు గొంతు కలిపారు. వారిలో ఒకరు మాతో, “నేను ఈ దారిలో పదకొండుసార్లు వచ్చాను, ఒక్కసారీ ఇహ్రామ్‌లో రాలేదు. ఈసారి సెలవు దొరికితే ఉమ్రా చేయాలి” అన్నారు. అదే విమానం, అవే 4,140 కిలోమీటర్లు. మూడేళ్ళకోసారి ఇంటి ముఖం చూసే ఆ యువకుడికి ఆ దూరం ఎంతో మేము ఊహించలేము.

మా గడియారంలో ఏడూ ముప్పావుకు, అక్కడి సమయం అయిదుంబావుకు దిగాము. మగ్రిబ్‌కు ఇంకా ముప్పావు గంట ఉన్నది. జెద్దాలోని కింగ్‌ అబ్దుల్‌ అజీజ్‌ విమానాశ్రయం 1981లో ప్రారంభమైనది. గుడారాల వంటి 210 కప్పులతో నిలిచిన దాని హజ్‌ టెర్మినల్‌ నిర్మాణానికి ఇంజినీరుగా పనిచేసినవారు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్‌ రహమాన్‌ ఖాన్‌. ఆయన 1982లో ఆ జెద్దాలోనే కన్నుమూశారు.

తనిఖీలు, సామాన్లు, బస్సు కోసం ఎదురుచూపులు, ఆపై మక్కాకు సుమారు 100 కిలోమీటర్ల దారి. హోటలు చేరేసరికి అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, మన ఊళ్ళో అర్ధరాత్రి. ఇల్లు విడిచి పదిహేడు గంటలు. అందులో గాలిలో గడిపినది మూడింట ఒక వంతే. ఎవరైనా పెద్దలను వెంట తీసుకువెళ్తుంటే వారికి ఈ పదిహేడు గంటలే చెప్పండి, అయిదున్నర అని చెప్పకండి. చేరిన వెంటనే ఉమ్రా చేయించాలన్న ఆత్రం కూడా వద్దు. అమ్మీ నాలుగు గంటలు నిద్రపోయి, ఫజ్ర్‌కు ముందు తవాఫ్‌కు బయలుదేరారు.

తిరుగు ప్రయాణం పగలే. జెద్దాలో మధ్యాహ్నం రెండు గంటలకు విమానం లేచింది. ఈసారి మేము సూర్యుడికి ఎదురు వెళ్తున్నాము. ఇద్దరి వేగాలూ కలిసి గంటకు 23 డిగ్రీలు. పొద్దు మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా వాలిపోయింది. బయలుదేరిన రెండున్నర గంటలకే మగ్రిబ్‌ వచ్చేసింది. వెళ్ళేటప్పటి లెక్కతో తీరికగా కూర్చున్నవారికి అస్ర్‌ చేజారింది. మా వెనుక వరుసలోని ఒక పెద్దాయన దానికి చాలా బాధపడ్డారు. ఖిబ్లా కూడా తిరగబడింది, ఇప్పుడది విమానం తోక వైపు. మేము ముందే లెక్క వేసి అమ్మీని లేపి ఉంచాము గనుక ఆమె రెండు నమాజులూ వేళకే చేసుకున్నారు.

మా ఎదురింటి ఖాలా వచ్చే నెల బయలుదేరుతున్నారు. ఆమె కుమారుడికి కూడా అదే టిక్కెట్టు మనిషి “అయిదున్నర గంటలు” అనే చెప్పాడట. నిన్న సాయంత్రం అమ్మీ వారింటికి వెళ్ళి, సూట్‌కేసు తెరిపించి, ఇహ్రామ్‌ వస్త్రాలనూ మాత్రలనూ తన చేతులతోనే చేతి సంచిలోకి మార్చి వచ్చారు.